బ్రేక్ తొక్కితే వెనక లైటు ఆరిపోతోంది: పాత షెవ్రొలే ట్రక్కు వైరింగ్ గురించి ఒక పాఠకుడి ప్రశ్న

ప్రశ్న: నమస్తే అండి. మేం డల్లాస్ దగ్గర ఉంటాం. పోయిన ఏడాది 1970 మోడల్ షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కు కొన్నాను. అమ్మినాయన వెనక బెడ్ (సామాను వేసే తొట్టి) అంతా విప్పించి కొత్తగా పెయింట్ వేయించాడు, చూడటానికి చాలా బాగుంది. నా బాధంతా వెనక లైట్లతోనే. రాత్రి హెడ్‌లైట్లు వేస్తే ఎడమ టెయిల్ లైటు కుడిదానికంటే కాస్త మసగ్గా వెలుగుతుంది, బ్రేక్ తొక్కితే వెలుగు పెరగాల్సింది పోయి మొత్తంగా ఆరిపోతుంది. వెనక కారులో వస్తున్న మా ఆవిడ చూసి చెప్పేదాకా నాకు తెలియనే లేదు. పగలు హెడ్‌లైట్లు లేకుండా బ్రేక్ తొక్కితే ఎడమ వైపు వెలుగుతుంది గానీ అదీ టెయిల్ లైటు అంతే. కుడివైపు అన్నీ సరిగ్గా ఉన్నాయి. బల్బులు మార్చాను, బ్రేక్ స్విచ్ మార్చాను, ఏం తేడా రాలేదు. ఇది కాక గతుకుల రోడ్డు మీద వెళ్లినప్పుడు అప్పుడప్పుడు టెయిల్ లైట్ల ఫ్యూజ్ పోతోంది. ఫ్యూజ్ బాక్స్‌లో చూస్తే పాత ఫ్యూజ్ ఒకదానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఉంది. పాత యజమాని ట్రెయిలర్ కోసం వేసిన వైర్లు కూడా బంపర్ కింద వేలాడుతున్నాయి. షాపులో చూపిస్తే మొత్తం వైరింగ్ మార్చాలన్నారు. ఎల్‌ఈడీ బల్బులు వేస్తే సరిపోతుందని ఫ్రెండ్ అంటున్నాడు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ ఫాయిల్ చుట్టిన ఫ్యూజ్ సంగతి. ఇది చదవడం ఆపి వెళ్లి దాన్ని తీసి పారేయండి, మిగతాదంతా తర్వాత. ఫ్యూజ్ ఉన్నదే వైరు కాలిపోకముందు తను కాలిపోవడానికి, ఫాయిల్ చుడితే ఆ పని వైరు మీద పడుతుంది, ఆ వైరేమో డాష్‌బోర్డు వెనక, క్యాబిన్‌లో మీ మోకాళ్ల ముందు ఉంటుంది. మీ ట్రక్కులో గాజు గొట్టం ఫ్యూజులు వాడతారు, ఇప్పటికీ ఆటో పార్ట్స్ షాపుల్లో దొరుకుతాయి, మాన్యువల్‌లో ఏ రేటింగ్ రాసి ఉందో అదే వేయండి, అంతకంటే ఒక్క ఆంపియర్ కూడా ఎక్కువ వద్దు. ఇంకో మాట, ఎడమ లైటు బాగయ్యేదాకా రాత్రిపూట ఆ బండి బయటికి తీయకండి. 2025 జనవరి నుంచి టెక్సాస్‌లో మామూలు సొంత వాహనాలకి ఏటా చేసే సేఫ్టీ తనిఖీ ఎత్తేశారు కదా, అంటే లైట్లు పని చేస్తున్నాయో లేదో చూసుకునే బాధ్యత పూర్తిగా మన మీదే పడింది, లైట్లు వెలగాలన్న చట్టం మాత్రం అలాగే ఉంది.

ఇక అసలు విషయానికి వస్తే, మీరు రాసిన లక్షణాలు చదవగానే నాకు తొంభై శాతం అర్థమైంది, ఎందుకంటే మీరు చాలా జాగ్రత్తగా గమనించి రాశారు. బ్రేక్ తొక్కితే లైటు ఆరిపోవడం అనేది వింతగా కనిపిస్తుంది గానీ దానికి కారణం దాదాపు ఒక్కటే: ఎడమ లైటుకి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి, లేదు. బల్బు కాదు, స్విచ్ కాదు, వైరింగ్ మొత్తం అసలే కాదు. ఎందుకో వివరంగా చెబుతాను, ఇది ఒకసారి అర్థమైతే పాత బండి వెనక లైట్ల సమస్యలు సగం మీరే కనిపెట్టేస్తారు.

మీ బండి వెనక ఉండేది 1157 నంబరు బల్బు. అందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. చిన్నది టెయిల్ లైటుకి, సుమారు 8 వాట్లు, అర ఆంపియర్ కంటే కాస్త ఎక్కువ లాగుతుంది. పెద్దది బ్రేకుకీ ఇండికేటర్‌కీ కలిపి, సుమారు 27 వాట్లు, రెండు ఆంపియర్ల దాకా లాగుతుంది. బల్బు అడుగున రెండు సీసం బొట్లు ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక్కో ఫిలమెంటుకి కరెంటు తెచ్చేది. కానీ కరెంటు తిరిగి వెళ్లే దారి రెంటికీ ఒకటే, బల్బు ఇత్తడి తొడుగు. అక్కడి నుంచి హోల్డర్, హోల్డర్ నుంచి లైటు డొప్ప, డొప్ప నుంచి బెడ్ రేకు, బెడ్ బోల్టుల గుండా చాసిస్, చాసిస్ నుంచి ఇంజన్, ఇంజన్ నుంచి బ్యాటరీ మైనస్. ఈ గొలుసులో ఎక్కడ తెగినా రెండు ఫిలమెంట్లూ ఒకేసారి అనాథలవుతాయి.

అలా తెగినప్పుడు కరెంటు ఊరుకోదు, మెయిన్ రోడ్డు మూసేస్తే ఆటోవాడు పక్క సందులోంచి దూరినట్టు ఇంకో దారి వెతుక్కుంటుంది. మీరు రాత్రి హెడ్‌లైట్లు వేశారు, చిన్న ఫిలమెంటుకి 12 వోల్టులు వచ్చాయి, దాన్ని దాటాక ఎర్త్ లేదు, అందుకని అదే బల్బులోని పెద్ద ఫిలమెంటులోకి వెనక నుంచి దూరి, ఎడమ బ్రేక్ వైరు పట్టుకుని ముందుకొచ్చి, స్టీరింగ్ కాలమ్‌లోని ఇండికేటర్ స్విచ్ గుండా కుడి బ్రేక్ వైరులోకి వెళ్లి, కుడి బల్బు పెద్ద ఫిలమెంటు ద్వారా కుడివైపు ఎర్త్‌కి చేరుతుంది. ఇంత చుట్టు తిరిగినా చిన్న ఫిలమెంటు లాగేది తక్కువే కాబట్టి దాదాపు మామూలుగానే వెలుగుతుంది, కాస్త మసక, అంతే. అందుకే మీకు ‘కుడిదానికంటే కొంచెం తక్కువ’ అనిపించింది.

ఇప్పుడు బ్రేక్ తొక్కారు. పెద్ద ఫిలమెంటు అవతలి కొసకి కూడా 12 వోల్టులు వచ్చాయి. చిన్నదానికి ఒకవైపు 12, పెద్దదానికి ఇంకోవైపు 12, మధ్యలో ఎర్త్ లేదు. రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజి ఉంటే కరెంటు పారదు. లైటు చచ్చిపోయింది. పగలు హెడ్‌లైట్లు లేనప్పుడు బ్రేక్ తొక్కితే పెద్ద ఫిలమెంటు గుండా వచ్చిన కరెంటు చిన్న ఫిలమెంటులోంచి టెయిల్ లైటు వైరులోకి వెళ్లి మిగతా చిన్న బల్బులన్నిటి ద్వారా ఎర్త్ వెతుక్కుంటుంది, వెలిగేది చిన్న ఫిలమెంటే, అందుకే టెయిల్ లైటు అంత వెలుగు మాత్రమే వచ్చింది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ అచ్చంగా సరిపోయాయి చూడండి.

ఇంకో చిన్న పరీక్ష కూడా చెబుతాను, ఏ పనిముట్టూ అక్కర్లేదు. హెడ్‌లైట్లు వేసి ఎడమ ఇండికేటర్ వేసి, ఎవరినైనా వెనక నిలబెట్టండి. ఫ్లాషర్, అంటే ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించే చిన్న పరికరం, పని చేస్తూ ఉంటే ముందు లైటు వెలిగినప్పుడు వెనకది ఆరిపోయి, ముందుది ఆరినప్పుడు వెనకది వెలుగుతుంది. అలా తలకిందులుగా మినుకుమంటే ఎర్త్ సంగతి ఇక ఖాయం. ఒక్కోసారి లోడు తక్కువై ఫ్లాషర్ పని చేయకుండా నిలిచిపోవచ్చు కూడా, దానికి కంగారు పడి ఫ్లాషర్ కొనొద్దు.

మీరు బ్రేక్ స్విచ్ మార్చానన్నారు. ఇకముందు పనికొస్తుందని చెబుతున్నాను, కుడి బ్రేక్ లైటు బాగా వెలుగుతోందంటే స్విచ్ బాగున్నట్టే, ఫ్యూజ్ బాగున్నట్టే, ఎందుకంటే రెండు వైపులకీ అదే స్విచ్, అదే ఫ్యూజ్. రెండు వైపులా ఒకేలా చెడితే ముందు వైపు వెతకాలి, ఒక్క వైపే చెడితే ఆ వైపే వెతకాలి. ఇదే లెక్కతో ఇంకో అడుగు వేద్దాం. కుడి లైటు కూడా అదే బెడ్‌కి బిగించి ఉంది, దానికి ఎర్త్ బాగానే అందుతోంది. అంటే బెడ్‌కీ చాసిస్‌కీ మధ్య లంకె ఉంది. తెగింది ఎడమ లైటు డొప్పకీ బెడ్ రేకుకీ మధ్య, లేదా హోల్డర్‌కీ డొప్పకీ మధ్య. కొత్త పెయింట్ అన్నారు కదా, నా అనుమానం అంతా దాని మీదే. రంగు మంచి ఇన్సులేటర్. పాత స్క్రూ ఇనుముని కొరికి పట్టుకుని ఎర్త్ ఇచ్చేది, ఇప్పుడు మందంగా రంగు పూసిన రేకు మీద స్టెయిన్‌లెస్ స్క్రూ, దాని కింద రబ్బరు గ్యాస్కెట్, ఇక కరెంటు ఎటు పోతుంది? కుడివైపు స్క్రూ ఎక్కడో రంగుని గీరుకుని తగులుతోంది, ఎడమవైపు తగలడం లేదు. పునరుద్ధరించిన ట్రక్కుల్లో ఇది ఎంత మామూలంటే, కొత్తగా పెయింట్ అయిన బండి వెనక లైట్లు పని చేయడం లేదని ఎవరన్నా నేను వేరే ఏదీ అడక్కుండా ఎర్త్ చూడమంటాను.

నిరూపించడం సులభం. ఒక పది పదిహేను అడుగుల మామూలు వైరు తీసుకుని రెండు కొసలకీ మొసలి క్లిప్పులు పెట్టుకోండి. ఒక కొస చాసిస్ మీద తుప్పు, రంగు లేకుండా గీరిన చోట పట్టించండి. బండి కదలకుండా చక్రాలకి చెక్కలు పెట్టి, హెడ్‌లైట్లు వేసి, ఎవరినైనా బ్రేక్ తొక్కి పట్టుకోమని, ఎడమ లైటు అద్దం విప్పి రెండో కొసని మొదట ఆ బల్బు ఇత్తడి తొడుగుకి తాకించండి. భగ్గున వెలిగితే సమస్య ఎర్త్ అని తేలింది. తర్వాత హోల్డర్‌కి, తర్వాత లైటు డొప్ప లోహానికి, తర్వాత లైటు పక్కనే బెడ్ రేకు మీద రంగు కొద్దిగా గీరి అక్కడ తాకించండి. ఏ చోటు వరకు తాకిస్తే వెలుగుతుందో, ఏ చోటు తాకిస్తే వెలగదో, ఆ రెంటి మధ్యే తెగింది. తాకించేటప్పుడు బల్బు అడుగునున్న బొట్లకీ, వైర్లకీ మాత్రం తగలనివ్వకండి, ఫ్యూజ్ పోతుంది.

మల్టీమీటర్ ఉంటే ఇంకా కచ్చితంగా తెలుస్తుంది. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ కి, దానికి వైరు పొడుగు చేసుకోవాలి, ఎర్ర ప్రోబ్ బల్బు తొడుగుకి, లైటు వేసి బ్రేక్ తొక్కి ఉండగా. ఎర్త్ బాగుంటే 0.1 వోల్టు లోపు చూపిస్తుంది, 0.2 దాకా ఫర్వాలేదు. మీ ఎడమవైపు బహుశా 10, 12 వోల్టులు చూపిస్తుంది, ఎర్త్ కావాల్సిన చోట. కుడివైపు కూడా ఇదే కొలత తీసుకోండి, అక్కడ అర వోల్టు కనిపించినా వదిలేయకండి. లైటు వెలుగుతోంది కదా అనుకుంటాం గానీ మామూలు బల్బులో వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గిపోతుంది. ఒకటి రెండు తుప్పు పట్టిన జాయింట్లు చాలు, వెనక వచ్చేవాడికి మీ బ్రేక్ లైటు ఎండలో కనిపించకుండా పోవడానికి. లైటు ఆపేసి ఓమ్స్‌లో కొలిస్తే ఈ లోపం చాలాసార్లు దొరకదు, ఒక్క పోగు తగులుతున్నా మీటర్‌కి బాగున్నట్టే కనిపిస్తుంది, కరెంటు పారుతుండగా వోల్టేజి కొలిచినప్పుడే అసలు రంగు బయటపడుతుంది.

బాగు చేయడం ఎలా అంటే, స్క్రూ కింద రంగు గీరి వదిలేయడం నాకు నచ్చదు. ఆ గీరిన చోట తుప్పు మొదలై ఏడాదికో రెండేళ్లకో మళ్లీ ఇదే కథ. పైగా కొత్త పెయింట్ మీద మీరు చేయి వేయలేరని నాకు తెలుసు. ప్రతి లైటు డొప్పకీ ఒక వైరు వేయండి, 14 గేజ్ నల్ల వైరు చాలు. ఒక కొస రింగ్ టెర్మినల్ క్రింప్ చేసి (నొక్కి బిగించి) డొప్ప లోపలి స్క్రూకి, రెండో కొస చాసిస్‌కి. చాసిస్ మీద చిన్న చోటులో రంగు, తుప్పు మొత్తం గీరి మెరిసే ఇనుము తేల్చి, పళ్లున్న స్టార్ వాషర్ వేసి బోల్టు గట్టిగా బిగించి, బిగించిన తర్వాత దాని మీద గ్రీజు గానీ రంగు గానీ పూయండి. ముందు పూసి తర్వాత బిగించకండి. రెండు వైపులా వేయండి, కుడివైపు ఇప్పుడు బాగుందని వదలొద్దు, నంబరు ప్లేటు లైటుకి కూడా ఇంకో ముక్క కలపండి. దుకాణంలో ఎర్త్ అంటే అర్థం కాకపోతే గ్రౌండ్ అనండి.

హోల్డర్ కూడా చూడండి. యాభై ఏళ్లు దాటిన హోల్డర్లో స్ప్రింగు మెత్తబడిపోతుంది, అడుగున ఫైబర్ బిళ్ల తిరిగిపోతుంది, లోపల తెల్లగా పచ్చగా తుప్పు పొడి కనిపిస్తుంది. చిన్న వైర్ బ్రష్‌తో గీకితే కొంత కాలం నడుస్తుంది, బాగా పాడైతే వైర్లతో సహా కొత్త హోల్డర్ దొరుకుతుంది, అదే మేలు. బల్బు పెట్టేటప్పుడు పక్కనున్న రెండు గుబ్బలు ఒకే ఎత్తులో ఉండవు, ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటుంది, తప్పుగా పెట్టకుండా ఉండాలనే అలా చేశారు. అరిగిన హోల్డర్లో బలవంతంగా తిప్పితే తిరగబడి కూర్చుంటుంది, అప్పుడు టెయిల్ లైటు బ్రేక్ అంత వెలిగి, బ్రేక్ తొక్కితే చిన్నది వెలుగుతుంది. ఒకే ఫిలమెంటు ఉన్న 1156 బల్బుని ఇందులో బిగిస్తే ఇంకా ఘోరం, దాని అడుగునున్న పెద్ద బొట్టు రెండు కాంటాక్టులనీ కలిపేస్తుంది, బ్రేక్ తొక్కితే పార్కింగ్ లైట్లన్నీ వెలగడం మొదలవుతుంది. మీరు కొత్త బల్బులు వేశారు కాబట్టి మీద నంబరు ఒకసారి చదవండి.

బెడ్ నుంచి చాసిస్‌కి లంకె ఉందన్నాను, దాని తర్వాత కూడా ఒక మెట్టు ఉంది, చాలామంది మర్చిపోయేది. ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది. బ్యాటరీ మైనస్ లావు వైరు ఇంజన్‌కి వెళుతుంది. అంటే చాసిస్‌కీ క్యాబిన్‌కీ ఎర్త్ చేరాలంటే ఇంజన్ నుంచి విడిగా అల్లిక పట్టీలు గానీ వైర్లు గానీ ఉండి తీరాలి. ఇంజన్ పని చేయించినప్పుడు ఎవరో ఒకరు వాటిని విప్పి మళ్లీ బిగించడం మర్చిపోతారు. మీ ట్రక్కులో ఇంజన్ నుంచి దానికీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడకి, అంటే ఫైర్‌వాల్‌కి, ఇంజన్ నుంచి చాసిస్‌కి ఒక్కొక్కటి ఉన్నాయో లేదో టార్చి వేసి చూడండి, లేకపోతే వేయండి, ఖర్చు కొద్ది డాలర్లే.

ఇక గతుకుల్లో పోతున్న ఫ్యూజ్. ఇది వేరే సమస్య, ఎర్త్ బాగుచేస్తే ఇది పోదు, రెంటినీ కలిపి ఆలోచించొద్దు. మీ బండిలో ఆ ఫ్యూజ్ మీద ఉండేవి వెనక రెండు, ముందు రెండు చిన్న ఫిలమెంట్లు, పక్కల మార్కర్ లైట్లు, నంబరు ప్లేటు లైటు, అన్నీ కలిపినా నాలుగు ఆంపియర్ల చుట్టుపక్కల. బల్బుల వల్ల ఫ్యూజ్ పోయే ప్రశ్నే లేదు. వైరు ఎక్కడో రేకుకి రాసుకుని తొడుగు ఊడి, కుదుపుకి ఇనుముని తాకుతోంది.

ఎక్కడ వెతకాలంటే నేనైతే మొదట ఆ వేలాడుతున్న ట్రెయిలర్ వైర్ల దగ్గరికే వెళ్తాను. షెవ్రొలే వైరు రంగులు గుర్తుపెట్టుకోండి, ఎంతో పనికొస్తాయి: వెనక గోధుమ రంగు టెయిల్ లైటుకి, పసుపు ఎడమ బ్రేక్, ఇండికేటర్‌కి, ముదురు ఆకుపచ్చ కుడి బ్రేక్, ఇండికేటర్‌కి. నాలుగు పిన్నుల ట్రెయిలర్ కనెక్టర్‌లో కూడా అవే రంగులు, దానికి తోడు ఎర్త్‌కి తెలుపు. రంగులు సరిపోతాయి గనుక పాత యజమాని నీలం ప్లాస్టిక్ క్లిప్పులతో వైరుని కొరికించి జత చేసి ఉంటాడు. ఆ క్లిప్పు లోపలి బ్లేడు రాగి పోగులు కొన్నిటిని కోస్తుంది, తొడుగుకి పడిన చీలికలోంచి నీళ్లు దూరి రాగి పచ్చబడి పొడి అవుతుంది, రెండు మూడేళ్లలో వైరు లోపలే తెగుతుంది లేదా పక్కదానికి తగులుతుంది. ట్రెయిలర్ లాగకపోతే ఆ వైర్లన్నీ కత్తిరించి తీసేయండి, క్లిప్పు ఉన్న ముక్కని పూర్తిగా కోసేసి మంచి వైరు ముక్క వేసి, క్రింప్ చేసి, వేడి చేస్తే బిగుసుకునే జిగురున్న ష్రింక్ ట్యూబ్ తొడగండి. ట్రెయిలర్ లాగాలనుకుంటే తర్వాత పద్ధతిగా మళ్లీ వేసుకోవచ్చు. ఈ పని చేసేటప్పుడు బ్యాటరీ మైనస్ విప్పి పక్కన పెట్టడం మాత్రం మర్చిపోకండి.

అది తీసేశాక కూడా ఫ్యూజ్ పోతుంటే ఫ్యూజులు కొంటూ కూర్చోకండి, దీనికి మంచి పద్ధతి ఒకటి ఉంది. బండికి ముందూ వెనకా ఉన్న టెయిల్, పార్కింగ్, మార్కర్, ప్లేటు లైటు బల్బులన్నీ తీసేయండి. ఫ్యూజ్ తీసేసి దాని రెండు క్లిప్పుల మధ్య ఒక 1157 బల్బు పెద్ద ఫిలమెంటుని వైర్లతో కలపండి, ఫ్యూజ్ స్థానంలో బల్బు అన్నమాట. హెడ్‌లైట్ స్విచ్ వేయండి. అంతా బాగుంటే బల్బు వెలగదు, ఎందుకంటే కరెంటు వెళ్లేందుకు దారి లేదు. షార్ట్ ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, వైరు కాలదు, ఫ్యూజ్ పోదు, ఎంతసేపైనా వెతుక్కోవచ్చు. మీది కుదుపుకి వచ్చే షార్ట్ కాబట్టి ఎవరినైనా ఆ బల్బు చూస్తుండమని చెప్పి మీరు కిందికి దూరి వైర్ల కట్టని చేత్తో కొంచెం కొంచెం కదుపుతూ వెనక్కి వెళ్లండి. వైరింగ్ ఫైర్‌వాల్ దాటి డ్రైవర్ వైపు చాసిస్ దూలం వెంబడి వెనక్కి వెళుతుంది. రేకు రంధ్రంలోంచి దూరే ప్రతి చోటా, క్లిప్పు పట్టుకున్న ప్రతి చోటా, బెడ్ అడుగుకీ చాసిస్‌కీ మధ్య నలిగే అవకాశమున్న చోటా ఎక్కువసేపు ఆగండి. మీ బండి బెడ్ పెయింట్‌కి విప్పారు కదా, తిరిగి కూర్చోబెట్టేటప్పుడు వైరు కింద పడి నలిగి ఉండటానికి చాలా అవకాశం ఉంది. బల్బు టక్కున వెలిగిన చోటే మీ షార్ట్. బండి కింద పడుకునే ముందు స్టాండ్లు పెట్టండి, ఒక్క జాక్ మీద ఎప్పుడూ వద్దు.

షాపువాళ్లు మొత్తం వైరింగ్ అన్నది నాకు ఒప్పుగా అనిపించడం లేదు, కనీసం ఇప్పుడే కాదు. ఎర్త్ సరి చేయకుండా కొత్త వైరింగ్ వేసినా మీ ఎడమ లైటు ఇలాగే ఆరిపోతుంది, కొత్త వైర్లకీ అదే రంగు పూసిన రేకు కదా ఆధారం. వెనక వైరు వంచి చూడండి, తొడుగు పెళుసుగా చిట్లుతుంటే, చాలా చోట్ల టేపులు, అతుకులు కనిపిస్తుంటే అప్పుడు వెనక భాగం వైరింగ్ ఒక్కటి మార్చండి, ఈ మోడల్‌కి విడిగా తయారై వస్తోంది. డాష్‌బోర్డు వెనక వైరింగ్ బాగుంటే దాన్ని ముట్టుకోవడం అనవసరం, అక్కడ ఒక పని చేయబోయి నాలుగు చెడగొట్టుకునే అవకాశమే ఎక్కువ.

ఇండికేటర్ స్విచ్ గురించి కూడా కొద్దిగా చెప్పాలి, మీకు ఇప్పుడు అక్కర్లేదు గానీ ఈ తరం ట్రక్కులున్న మిగతావాళ్లకి పనికొస్తుంది, ఇదివరకు దీని గురించి రాసినవాళ్లూ ఉన్నారు. ఒక వైపు ఇండికేటర్ బాగా వెలిగి, అదే వైపు బ్రేక్ వెలగకపోతే ఎర్త్ గానీ బల్బు గానీ కారణం కాదు, అదే ఫిలమెంటు కదా రెండూ చేసేది. అప్పుడు కాలమ్‌లోని స్విచ్ కాంటాక్టులు అరిగాయని అర్థం. పెడల్ దగ్గరి స్విచ్ నుంచి తెల్ల వైరు కాలమ్ కింది కనెక్టర్‌కి వస్తుంది, అక్కడి నుంచి పసుపు, ముదురు ఆకుపచ్చ వెనక్కి వెళ్తాయి. ఇండికేటర్ కాడ మధ్యలో ఉంచి బ్రేక్ తొక్కి టెస్ట్ ల్యాంప్‌తో చూడండి, తెలుపులో కరెంటు ఉండి పసుపులోనో ఆకుపచ్చలోనో లేకపోతే స్విచ్ పోయింది. తెలుపులోనే లేకపోతే పెడల్ దగ్గరికి వెళ్లాలి, అక్కడ నారింజ రంగు వైరులో తాళం చెవి తీసేసి ఉన్నా ఎప్పుడూ కరెంటు ఉండాలి. కాలమ్ స్విచ్ మార్చాలంటే స్టీరింగ్ చక్రం ఊడదీయాలి, దానికి పుల్లర్ కావాలి, సుత్తితో కొట్టి తీయొద్దు.

మీరు కొత్త బ్రేక్ స్విచ్ వేశారు కాబట్టి దాని సర్దుబాటు ఒకసారి చూసుకోండి. పెడల్ పైన ఉన్నప్పుడు స్విచ్ మొన లోపలికి నొక్కి ఉండాలి, పెడల్ కొద్దిగా, అర అంగుళం కదిలేసరికి లైటు వెలగాలి. మొన సరిగ్గా నొక్కుకోకపోతే బండి ఆపి వెళ్లిపోయినా బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉండి తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోతుంది.

ఎల్‌ఈడీ విషయంలో మీ ఫ్రెండ్ చెప్పింది సగం నిజం. మంచి ఎల్‌ఈడీ బల్బు వెలుగూ ఎక్కువ, కరెంటూ తక్కువ, ఆ పాత అద్దాల వెనక నిజంగానే బాగా కనిపిస్తుంది. కానీ ఎర్త్ లేని హోల్డర్లో ఏ బల్బు పెట్టినా ఎర్త్ రాదు. పైగా ఎల్‌ఈడీకి చాలా తక్కువ కరెంటు చాలు గనుక దొంగదారిలో వచ్చే కరెంటుకి కూడా సన్నగా వెలుగుతుంది, అప్పుడు లోపం కనిపెట్టడం ఇంకా కష్టమవుతుంది. అందుకని మామూలు 1157 బల్బులతోనే అంతా సరి చేసి, మీటర్‌లో 0.1 చూశాక అప్పుడు మార్చండి. ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే వేయాలి, తెల్లది వేస్తే వెలుగు గులాబి రంగులోకి తిరుగుతుంది. పాత ఫ్లాషర్ లోపల పట్టీ వేడెక్కి పని చేసేది, ఎల్‌ఈడీ లాగే కొద్ది కరెంటుకి అది వేడెక్కదు, కాబట్టి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ కూడా కావాలి, ఇండికేటర్‌కి ఒకటి, హజార్డ్‌కి ఒకటి.

ఆ డబ్బులు ఎల్‌ఈడీ బల్బుల మీద పెట్టే ముందు మాత్రం ఒకటి ఆలోచించండి. క్యాబిన్ వెనక అద్దం పైన మూడో బ్రేక్ లైటు అనేది అమెరికాలో కార్లకి 1986 మోడల్ నుంచి, పికప్‌లకి 1994 మోడల్ నుంచి తప్పనిసరి అయింది. మీ 1970 ట్రక్కుకి అది లేదు. ఇప్పుడు రోడ్డు మీదున్న డ్రైవర్లందరి కళ్లూ ఆ మూడో లైటుకి అలవాటు పడిపోయాయి, పైగా మీ వెనక వచ్చేది ఒక్కోసారి మీ కుటుంబమే. చిన్న ఎల్‌ఈడీ పట్టీ ఒకటి లోపలి వైపు నుంచి వెనక అద్దానికి పైన అంటించుకోవచ్చు, క్యాబిన్‌కి రంధ్రం కూడా అక్కర్లేదు. దానికి కరెంటు పసుపు నుంచో ఆకుపచ్చ నుంచో తీసుకోకండి, ఇండికేటర్‌తో పాటు అదీ మినుకుతుంది. పెడల్ స్విచ్ నుంచి బయటికొచ్చే తెల్ల వైరు నుంచి తీసుకోండి, అది ఇండికేటర్ స్విచ్‌కి ముందే ఉంటుంది గనుక బ్రేక్ తొక్కినప్పుడే వెలుగుతుంది. ఎర్త్ వైరు విడిగా క్యాబిన్ రేకుకి, రంగు గీరి, స్టార్ వాషర్ వేసి.

ఈ వారాంతం ముందు ఆ మొసలి క్లిప్పుల వైరు పరీక్ష చేయండి, గంట కూడా పట్టదు. బల్బు తొడుగుకి తాకించినప్పుడు కూడా లైటు వెలగకపోతే నేను పైన చెప్పింది కాకుండా ఇంకేదో ఉన్నట్టు, అప్పుడు రెండు వైపులా మీటర్ రీడింగులు, బ్రేక్ తొక్కి ఒకసారి, తొక్కకుండా ఒకసారి, హెడ్‌లైట్లు వేసి, వేయకుండా, అన్నీ రాసి పంపండి, అక్కడి నుంచి చూద్దాం.